వార్తల్లో పదం: సికా

మచ్చలు పోగొడతాయంటూ మందుల షాపుల్లో, ప్రకటనల్లో కనిపిస్తున్న క్రీముల పేరు ‘సికా’. వీటిలో ఉండేది సెంటెల్లా ఏషియాటికా సారం. మనం సరస్వతి ఆకు, మండూకపర్ణి అనే మొక్కే ఇది. టైడా, అనంతగిరి కొండలున్న తూర్పు కనుమల్లోనూ తేమ నేలల్లో పెరుగుతుంది. నేలపై పాకే తీగ, కణుపు కణుపుకూ వేళ్లు, అంచున నొక్కులున్న గుండ్రటి ఆకు దీని గుర్తులు.

ఎలా పనిచేస్తుంది?
ఇందులోని ఏషియాటికోసైడ్, మడెకాసోసైడ్ చర్మకణాల్లో కొల్లాజెన్ తయారీని ప్రేరేపిస్తాయని, వాపును తగ్గిస్తాయని ప్రయోగశాల పరీక్షల్లో తేలింది.

రుజువు ఎంత?
మనుషులపై జరిగిన పరీక్షలు చిన్నవి. పైగా చాలా క్రీముల్లో ఇతర పదార్థాలూ కలుస్తాయి కాబట్టి ఫలితం దేనిదో తేల్చడం కష్టం. ఉబ్బెత్తు మచ్చలకు 2002 నాటి అంతర్జాతీయ నిపుణుల సిఫార్సుల్లో ముందు నిలిచింది సిలికాన్ జెల్ షీట్. దాని రుజువులూ పరిమితమేనని తర్వాతి సమీక్షలు చెప్పాయి. విటమిన్-ఇ రాసినా మచ్చ తగ్గలేదని, కొందరికి దద్దురు వచ్చిందని 1999లో ఒక చిన్న అధ్యయనం తేల్చింది.

ఏం చేయాలి?
కాలిన చోట 20 నిమిషాలు చల్లని నీరు ధారగా పోయాలి. పచ్చి గాయంపై ఆకు పసరు పెట్టకండి, ఇన్ఫెక్షన్ సోకవచ్చు. ధనుర్వాతం టీకా సంగతి ఆరోగ్య కార్యకర్తను అడగండి. గాయం మానాక కొత్త మచ్చకు ఎండ తగలనీయకండి. మచ్చ గాయం హద్దు దాటి పెరుగుతుంటే అది కీలాయిడ్ కావచ్చు. క్రీములు మారుస్తూ కూర్చోకుండా చర్మవైద్యులకు చూపించండి.