పేరు లేని బ్యాంకు: ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ లోపాలు, వాటి నివారణ

2013 జులై 25న అమెరికాలోని న్యూజెర్సీ ఫెడరల్ ప్రాసిక్యూటర్లు ఒక నేరారోపణ పత్రాన్ని బయటపెట్టారు. నిందితులు ఐదుగురు: నలుగురు రష్యన్లు, ఒకరు ఉక్రెయిన్ దేశస్థుడు. వారు కాజేసిన కార్డు నంబర్లు 16 కోట్లకు పైబడినవని ఆరోపణ. బాధిత సంస్థల జాబితాలో నాస్‌డాక్, సెవెన్-ఇలెవెన్, కార్ఫూర్, హార్ట్‌లాండ్ పేమెంట్ సిస్టమ్స్ వంటి పేర్లున్నాయి. ఆ వరుసలో ఒక్క సంస్థకు మాత్రం అసలు పేరు లేదు. ‘బ్యాంక్ ఎ’ అని రాసి ఊరుకున్నారు. అబుదాబి కేంద్రంగా పనిచేసే ప్రముఖ బ్యాంకు అన్నది దానికిచ్చిన ఏకైక ఆనవాలు. 2010 డిసెంబరు నుంచి 2011 మార్చి వరకు దాని నెట్‌వర్కులో దొంగల మాల్‌వేర్ తిష్ఠ వేసి ఉన్నదని ఆ పత్రం చెబుతుంది. అదే జాబితాలో విసా జోర్డాన్ ఉన్నది. అక్కడ పోయినవి సుమారు 8,00,000 కార్డు నంబర్లు.

ఈ ముఠా గోడకు కన్నం వేయడానికి తరచుగా వాడిన పనిముట్టు ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అని ప్రాసిక్యూటర్లు స్పష్టంగానే పేర్కొన్నారు. హార్ట్‌లాండ్ ఒక్కదాని నుంచే 13 కోట్ల కార్డు నంబర్లు ఈ దారినే బయటికి పోయాయి. దొంగిలించిన నంబర్లకు అంగడిలో ధరవరలు కూడా ఉండేవి. అమెరికా కార్డు ఒక్కొక్కటి 10 డాలర్లు, కెనడాది 15, ఐరోపాది 50.

ఇంజెక్షన్ అనగానే తెలుగువారికి తోచేది సూదిమందు. ఆ పోలిక తప్పేమీ కాదు. శరీరంలోకి చర్మాన్ని దాటి పదార్థాన్ని పంపినట్లే, ఇక్కడ ఒక ప్రోగ్రాము లోపలికి, అది తనదిగా భావించే వాక్యంలోకే, బయటివాడి మాటలు చేరిపోతాయి. చేరేది మందు కాదన్నదే తేడా.

ఎస్‌క్యూఎల్ అనే భాష 1970ల మధ్యలో ఐబీఎమ్ పరిశోధనశాలలో ఛాంబర్లిన్, బోయిస్ అనే ఇద్దరి చేతుల్లో రూపుదిద్దుకున్నది. 1970లో కాడ్ ప్రతిపాదించిన పట్టికల నమూనాకు ఒక నోరు కావలసి వచ్చింది. ఇంచుమించు ఆంగ్ల వాక్యంలా ఉండి, గుమాస్తాలు కూడా రాయగలిగేలా ఉండాలన్నది వారి ఆశయం. గుమాస్తా తన వాక్యాన్ని తానే రాసినంతకాలం చిక్కు లేదు. వెబ్ వచ్చాక వాక్యంలో సగం ప్రోగ్రామరు రాస్తాడు, మిగతా సగం ప్రపంచంలో ఎక్కడో కూర్చున్న అజ్ఞాతవ్యక్తి నింపుతాడు. జెఫ్ ఫోరిస్టల్ అనే అమెరికన్ 1998 డిసెంబరులో ఫ్రాక్ పత్రికలో ఈ ప్రమాదాన్ని మొదటిసారిగా బహిరంగంగా వివరించాడు. అంటే ‘బ్యాంక్ ఎ’ గొడవ నాటికే ఈ రోగం గుట్టు తెలిసి పన్నెండేళ్ళు దాటింది.

దీన్ని అర్థం చేసుకోవడానికి గల్ఫ్‌లోని ఏ ఆసుపత్రి రిజిస్ట్రేషన్ కౌంటరైనా చాలు. గోవా, మంగళూరు ప్రాంతాల నుంచి వచ్చిన నర్సులు అక్కడ అనేకులు. వారిలో చాలామంది ఇంటిపేరు డి'సౌజా, డి'సిల్వా, డి'కోస్టా. కౌంటరు గుమాస్తా ఈ పేరు కొట్టగానే వెనుక ప్రోగ్రాము ఇలాంటి వాక్యం తయారుచేస్తుంది:

సెలెక్ట్ * ఫ్రమ్ రోగులు వేర్ పేరు = 'డి'సౌజా'

ఎస్‌క్యూఎల్‌లో ఒంటి కొటేషన్ గుర్తు పాఠ్యానికి మొదలూ తుదీ. కనుక డేటాబేసు దృష్టిలో పేరు ‘డి’ దగ్గరే ముగిసింది. ఆ తర్వాతి ‘సౌజా’ ఏమిటో దానికి అర్థం కాక తప్పు సందేశం చూపిస్తుంది. అరబ్బీ పేర్లతోనూ ఇదే తంటా. ఐన్, హంజా అక్షరాలను రోమన్ లిపిలో రాసేటప్పుడు చాలామంది ఈ గుర్తునే వాడతారు. రస్ అల్ ఖైమా ఎమిరేట్ పేరును పండితులు రాసే పద్ధతిలో రాస్తే అందులోనే ఒక హంజా ఉన్నది. ఆ నర్సు నేరస్థురాలు కాదు. కాని ఆమె పేరు ఒక నిజాన్ని బయటపెట్టింది: ఈ ప్రోగ్రాము సమాచారానికీ ఆజ్ఞకూ మధ్య గీత గీయలేదు.

దుర్మార్గుడు ఆ గీత లేనిచోటనే నిలబడతాడు. లాగిన్ పేజీలో పాస్‌వర్డ్ గడిలో అతడు ' ఆర్ '1'='1 అని కొడితే వాక్యం ఇలా మారుతుంది:

వేర్ యూజర్ = 'అడ్మిన్' అండ్ పాస్‌వర్డ్ = '' ఆర్ '1'='1'

ఎస్‌క్యూఎల్ ముందు ‘అండ్’ను లెక్కగట్టి, తర్వాత ‘ఆర్’ను చూస్తుంది. ఒకటి ఒకటికి సమానమన్నది ఎప్పుడూ నిజమే కాబట్టి, పట్టికలోని ప్రతి వరుసా షరతుకు తలూపుతుంది. ప్రోగ్రాము మొదటి వరుసను పట్టుకుని తలుపు తీస్తుంది. సాధారణంగా ఆ మొదటి వరుస నిర్వాహకుడిదే.

మన ఊళ్ళలో ప్రామిసరీ నోటు రాసేవారికి ఈ భయం ఎప్పటినుంచో తెలుసు. ‘అక్షరాలా పదివేల రూపాయలు మాత్రమే’ అంటారు. ఆ ‘మాత్రమే’ తర్వాత ఎవరూ ఏమీ చేర్చకుండా గీత కొడతారు. వెబ్ ప్రోగ్రామర్లలో పలువురు ఆ ‘మాత్రమే’ను మరిచారు.

ఇంకా సూక్ష్మమైన రకాలున్నాయి. తెర మీద ఏ సమాచారమూ, ఏ తప్పు సందేశమూ కనబడకపోయినా, దాడిచేసేవాడు అవునూ కాదూ అనే ప్రశ్నలతో పని కానిస్తాడు. ‘మొదటి అక్షరం ఎమ్ కంటే ముందుదా? అయితే ఐదు సెకన్లు ఆగు’ అని ఆజ్ఞాపిస్తాడు. పేజీ ఆలస్యంగా తెరుచుకుంటే జవాబు అవునన్నమాట. నోరు లేని పసిబిడ్డకు ఎక్కడ నొప్పో, నొక్కి చూసి ముఖకవళికలను బట్టి వైద్యుడు పోల్చుకున్నట్లుంటుంది ఇది. వేల ప్రశ్నలు కావాలి, కాని అడిగేది యంత్రం. మరొక రకం, నిద్రాణంగా ఉండి తిరగబెట్టే రోగం వంటిది. హానికరమైన పేరు మొదట పట్టికలో క్షేమంగానే చేరుతుంది. నెలల తర్వాత మరో ప్రోగ్రాము, ‘ఇది మన డేటాబేసులోదే గదా’ అని దాన్ని నమ్మి, కొత్త వాక్యంలో అతికించినప్పుడు పేలుతుంది.

నివారణ మాట. ఆసుపత్రి కేస్‌షీటులో రోగి చెప్పిన మాటలకొక చోటు, వైద్యుడి ఆజ్ఞలకొక చోటు వేరుగా ఉంటాయి. ‘నాకు మోతాదు రెట్టింపు చెయ్యండి’ అని రోగి అన్నాడని మొదటి పేజీలో రాసి ఉన్నంత మాత్రాన ఏ నర్సూ ఇంజెక్షన్ ఎక్కించదు. పారామీటర్ పద్ధతి, అంటే ముందే సిద్ధం చేసిన వాక్యం, చేసేది సరిగ్గా ఇదే. ‘వేర్ పేరు = ?’ అన్న వాక్యాన్ని ప్రోగ్రాము మొదట డేటాబేసుకు పంపుతుంది. డేటాబేసు దాన్ని చదివి, అర్థం చేసుకుని, నిర్మాణాన్ని స్థిరపరుస్తుంది. విలువ తర్వాత విడిగా వస్తుంది. అది డి'సౌజా అయినా, దుష్టుడి వాక్యమైనా, ఆ పేరుగల మనిషి కోసం వెదకడం తప్ప వేరే ఫలితం ఉండదు. జావా, పీహెచ్‌పీ, పైథాన్, డాట్‌నెట్ అన్నింటిలోనూ ఈ సదుపాయం ఏళ్ళుగా ఉన్నది, ఉచితంగానే.

దీనికి బదులు కొటేషన్ గుర్తులను ఏరిపారేయడం, లేదా వాటికి ముందు మరో గుర్తు తగిలించడం చాలామంది చేసే పని. అది కట్టు కట్టడమే గాని చికిత్స కాదు. ‘ఫైలు నంబరు = 4512 ఆర్ 1=1’ అన్న దాడిలో కొటేషన్ గుర్తే లేదు, ఏరడానికేముంది? స్టోర్డ్ ప్రొసీజర్ వాడితే చాలుననే నమ్మకమూ అంతే. లోపల మళ్ళీ వాక్యాలను అతికిస్తే పాత జబ్బే. ఏ వరుస ప్రకారం చూపాలన్న నిలువు వరుస పేర్లు, పట్టికల పేర్లు మాత్రం పారామీటరుగా ఇవ్వడం కుదరదు. అక్కడ అనుమతించిన పేర్ల జాబితా ముందే రాసుకుని, అందులో లేనిదాన్ని తిరస్కరించాలి.

గడిలోకి వచ్చేదాన్ని పరీక్షించడం అదనపు రక్షణ. ఎమిరేట్స్ ఐడీ ఇందుకు మంచి ఉదాహరణ: 15 అంకెలు, మొదట దేశసంకేతమైన 784, తర్వాత పుట్టిన సంవత్సరం, ఏడంకెల సంఖ్య, చివర సరిచూసే అంకె. అక్షరం కనబడితే తిప్పి పంపవచ్చు. వెబ్‌సైటు డేటాబేసులోకి ప్రవేశించే ఖాతాకు తన పనికి కావలసినంత అధికారమే ఉండాలి. అపాయింట్‌మెంట్ పేజీకి పట్టికలను చెరిపే హక్కెందుకు? డేటాబేసు తప్పు సందేశాలను యథాతథంగా లోకానికి చూపడం, దొంగకు ఇంటి పటం గీసివ్వడమే.

పాత పేజీల సంగతి వేరుగా చెప్పుకోవాలి. 2015లో బ్రిటన్‌లోని టాక్‌టాక్ సంస్థ నుంచి 1,56,959 మంది ఖాతాదారుల వివరాలు ఈ లోపం ద్వారానే పోయాయి. ఆ పేజీలు 2009లో కొనుక్కున్న మరో కంపెనీతో పాటు వచ్చినవి. అవి తమ దగ్గర ఉన్నట్లే సంస్థకు తెలియదు. 4,00,000 పౌండ్ల జరిమానా పడింది. ఎమిరేట్స్‌లో 2019 నాటి 2వ నంబరు ఫెడరల్ చట్టం ప్రకారం రోగుల సమాచారాన్ని చివరి చికిత్స నాటి నుంచి కనీసం 25 ఏళ్ళు భద్రపరచాలి. సమాచారం ఉన్నన్నాళ్ళూ దాన్ని తెరిచే ప్రోగ్రామూ ఉంటుంది. ఇవాళ రాసిన కోడును సరిదిద్దవలసినవాడు ఇంకా బడిలో కూడా చేరి ఉండకపోవచ్చు.

అక్కడ ఐటీ కొలువుల్లో ఉన్న తెలుగు యువతకు చట్టంలోని ఇంకొక మాట కూడా అవసరం. సరదాకో, లోపం చూపించి మెప్పు పొందుదామనో, అనుమతి లేకుండా వేరేవారి సైటులో కొటేషన్ గుర్తు పెట్టి చూడడం నేరం కిందికి రావచ్చు. 2021 నాటి 34వ నంబరు ఫెడరల్ డిక్రీ చట్టం అనధికార ప్రవేశానికి జైలుశిక్ష గాని, 1,00,000 నుంచి 3,00,000 దిర్హాముల జరిమానా గాని, రెండూ గాని విధిస్తుంది. రాతపూర్వకమైన అనుమతి ముందు, పరీక్ష తర్వాత.

లోపాన్ని సరిదిద్దామనుకునేవారు చేసే ఒక పొరపాటు వైద్యానికి సంబంధించినది. పేరులో కొటేషన్ గుర్తును నిషేధిస్తే దాడి తగ్గుతుందని తలచి కొందరు ఆ గుర్తును అసలు అంగీకరించరు. అప్పుడా నర్సు ఒక ఆసుపత్రిలో డి'సౌజా, మరొకచోట డిసౌజా, ఇంకొకచోట డి సౌజా అవుతుంది. అబుదాబిలో మలాఫీ, దుబాయిలో నబీద్ వంటి వ్యవస్థలు వేర్వేరు ఆసుపత్రుల రికార్డులను కలుపుతున్న రోజులివి. ఐడీ కార్డు చేతిలో లేకుండా, తెలివి తప్పి ఆమె ఎమర్జెన్సీకి వచ్చిన రాత్రి, డ్యూటీ డాక్టరు పేరుతోనే వెదకాలి. పెన్సిలిన్ పడదని రాసి ఉన్న పాత ఫైలు మరో పేరు కింద ఉంటుంది.