చలిజ్వరమా? ఊరెళ్లొచ్చిన సంగతి ముందు చెప్పండి!

మీనా సల్మాన్ (బహ్రెయిన్): సెలవు అయిపోయింది. చెల్లెలి పెళ్లి చేసి, అమ్మ కట్టిచ్చిన పచ్చడి సీసాతో మళ్లీ మీనా సల్మాన్‌లో పనికెక్కారు. పది రోజులు తిరిగేసరికి చలి, వణుకు, విపరీతమైన తలనొప్పి. ‘ఏసీ గాలి పడలేదేమో’ అంటూ రూములో వాళ్లు పనడాల్ ఇస్తారు. జ్వరం తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది.

బహ్రెయిన్‌లో మలేరియా స్థానికంగా వ్యాపించడం ఆగిపోయి దశాబ్దాలైంది. ఇప్పుడు బయటపడే కేసులు బయటి దేశాల నుంచి ప్రయాణికులతో వచ్చేవే. అందుకే మీరు చెప్పకపోతే డాక్టరుకు ఆ అనుమానం రాకపోవచ్చు.

మలేరియా క్రిమిని దోమ కడుపులో రోనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. ఆయన వాడిన మైక్రోస్కోపే నేటికీ ఈ జబ్బును పట్టే ప్రధాన సాధనం. వేలి నుంచి చుక్క రక్తం తీసి, స్లైడు మీద పూసి చూస్తారు. కొన్ని నిమిషాల్లో తేల్చే కిట్లూ ఉన్నాయి. అయితే రక్తంలో క్రిములు మరీ తక్కువుంటే ఈ రెండింటికీ చిక్కకపోవచ్చు. మామూలు ల్యాబుల్లో మైక్రోలీటరు రక్తానికి 50 నుంచి 100 క్రిములైనా ఉంటేనే స్లైడులో కనపడతాయి.

అక్కడ పనికొచ్చేది పీసీఆర్. కరోనా రోజుల్లో ముక్కులో పుల్ల పెట్టి చేశారే, అదే పద్ధతి. కాకపోతే ఇక్కడ రక్తం తీసుకుంటారు. క్రిమి జన్యువులోని చిన్న ముక్కను యంత్రం కోట్ల ప్రతులుగా పెంచుతుంది. మైక్రోలీటరుకు అయిదు క్రిములున్నా పట్టేస్తుంది. ప్రాణం తీసే ఫాల్సిపారమా, వైవాక్సా అన్నదీ తేలుస్తుంది. మందు మారేది దాన్నిబట్టే. అయితే ఇది పెద్ద ల్యాబుల్లోనే ఉంటుంది, ఫలితానికి గంటలు పడుతుంది. అందాకా వైద్యం ఆపకూడదు.

పీసీఆర్‌కూ ఓ హద్దుంది. వైవాక్స్ క్రిమి కాలేయంలో నెలల తరబడి నిద్రపోతుంది. అప్పుడు ఏ రక్తపరీక్షకూ దొరకదు. ఊరి నుంచి వచ్చి ఆర్నెల్లయినా జ్వరం రావచ్చు. ఆ నిద్ర క్రిమిని చంపే ప్రైమాక్విన్ బిళ్లలు కొందరి ఒంటికి పడవు. జీ6పీడీ పరీక్ష చేయించి, డాక్టరు చెప్పినన్నాళ్లూ వేసుకోవాలి.

గుర్తుంచుకోండి: జ్వరం వస్తే ‘ఫలానా నెలలో ఇండియా వెళ్లొచ్చాను’ అని డాక్టరుకు చెప్పండి. మొదటి స్లైడులో ఏమీ లేదన్నా జ్వరం తగ్గకపోతే 12 నుంచి 24 గంటల తేడాతో మరో రెండుసార్లు పరీక్ష చేయమని అడగండి. రూములో మిగిలిన మందులు మింగకండి. డ్యూటీ పోతుందని దాచుకుంటే పోయేది ఒక్క రోజు జీతం కాదు, ప్రాణమే.