పసివాని టూత్‌పేస్టు - ఊరి నీరు

విత్తనపు సంచిమీది చీటి చదువక గింజ నాటని మన ప్రత్తి రైతు, కాయ విరిచి చూడక మిరప బస్తాకు ధర కట్టని మన వర్తకుడు, తన రెండేండ్ల పసివాని నోటిలో పెట్టెడి టూత్‌పేస్టు విషయమున మాత్రము పెట్టెమీది బొమ్మను చూచి బేరము ముగించుచున్నాడు. రంగు ముచ్చటగా నుండి, రుచి తియ్యగా నుండినచో చాలును. పెట్టెవెనుక సన్నని యక్షరములలో నేమి వ్రాసియున్నదో చదువువారు మిక్కిలి యరుదు. ఇది స్వల్పవిషయమని పాఠకులు త్రోసిపుచ్చరాదు. మన సీమలో నిది త్రాగునీటితో ముడిపడియున్న విషయము.

దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతములు నెల్లూరు జిల్లాలో నున్న కాలముననే, 1937 లో, షార్టు మొదలగు వైద్యులు అచ్చటి ప్రజల పండ్ల గారలను, ఎముకల బిగువును పరిశీలించి, నీటిలోని ఫ్లోరైడే యిందులకు కారణమని ప్రకటించిరి. భారతదేశమున మనుష్యులకు గలిగెడి యీ వ్యాధిని గూర్చి వెలువడిన తొలి నివేదికలలో నది యొకటి. 1970 లో ఆ ప్రాంతములు క్రొత్తగా నేర్పడిన ఒంగోలు జిల్లాలో జేరినవి. 1972 లో ఆ జిల్లాకు ప్రకాశం పంతులుగారి పేరు వచ్చినది. జిల్లా మారినది, పేరు మారినది. భూగర్భమునందలి రాతి గుణము మాత్రము మారలేదు.

ఆ రాతిని తాకి నిలిచిన నీరు ఫ్లోరైడును కరగించుకొనును. లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము వరకు మేలనియు, వేరు నీరు దొరకనిచో 1.5 మిల్లీగ్రాముల వరకు సహింపవచ్చుననియు మన దేశపు ప్రమాణము. పసివాని శాశ్వతదంతములు పైకి రాకముందే, చిగుళ్లలోపల వాని పైపూత సిద్ధమగుచుండును. ఆ యేండ్లలో ఫ్లోరైడు మితిమీరి కడుపులోనికి పోయినచో, పండ్లు తెల్లని మచ్చలతోడను, ముదిరినచో గోధుమరంగు చారలతోడను మొలచును. పిదప నెంత తోమినను అవి పోవు. రెండవయేట చేసిన పొరపాటు ఏడవయేట బయటపడునని తల్లిదండ్రులు గ్రహింపవలెను.

అట్లని ఫ్లోరైడు కేవలము విషమని చెప్పుట న్యాయము కాదు. పంటిపై కొలది మాత్రముగా తగిలినప్పుడు అదియే పంటిని గట్టిపరచి పుచ్చు పట్టకుండ కాపాడును. కావున లెక్క చూతము. మన దేశపు నిబంధనల ప్రకారము టూత్‌పేస్టులో ఫ్లోరైడు పదిలక్షల భాగములకు 1000 భాగములు మించరాదు. ఎంత యున్నదో ట్యూబుమీదను పెట్టెమీదను ముద్రింపవలెను. అట్టి పేస్టు బియ్యపుగింజంత, అనగా గ్రాములో పదియవవంతు వేసినచో, అందలి ఫ్లోరైడు 0.1 మిల్లీగ్రాము మాత్రమే. ప్రకటనలలో చూపునట్లు బ్రష్షు నిండ గ్రాము వేసి, తియ్యగా నున్నదని పిల్లవాడు మ్రింగినచో 1 మిల్లీగ్రాము. లీటరుకు 3 మిల్లీగ్రాములు గల బోరునీరు లీటరు త్రాగినచో 3 మిల్లీగ్రాములు! పేస్టునకు భయపడి నీటి నుపేక్షించువారు చెరువు గండిని విడిచి కుండ చిల్లును పూడ్చువారు గదా!

కాబట్టి అన్ని యిండ్లకు నొకే పేస్టు తగదు. సాగరు కుడికాలువ ద్వారా కృష్ణనీరు త్రాగెడి యూళ్లలో సామాన్యముగా ఫ్లోరైడు తక్కువ. అచ్చటి పిల్లలకు మూడేండ్లలోపు బియ్యపుగింజంతయు, మూడు మొదలు ఆరేండ్ల వరకు బఠాణీగింజంతయు ఫ్లోరైడు పేస్టు వాడుట మేలు. బోరునీటి గ్రామములవారు ముందుగా నీటిని పరీక్ష చేయింపవలెను. ఫ్లోరైడు 1.5 దాటినచో, పిల్లవానికి ఉమ్మివేయుట చక్కగా వచ్చువరకు, దంతవైద్యుని సలహాపై, ఫ్లోరైడు లేని పేస్టు వాడుట మంచిదని మా యభిప్రాయము. మూలికలతో చేసినదను మాట నమ్మి కొనరాదు. సోడియం ఫ్లోరైడు, సోడియం మోనోఫ్లోరోఫాస్ఫేటు అను పేర్లున్నవేమో చీటిలో చూడవలెను. నీటిని కాచినందువలన ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరినకొలది చిక్కబడును. వడపోత యంత్రపు నీటినో, కాలువనీటినో త్రాగుటకే గాక వంటకు గూడ వాడవలెను.

మేమును వేపపుల్లతో పెరిగినవారమే. దానిని తృణీకరింపము. కాని గరుకైన బొగ్గుపొడి, ఇటుకపొడి లేతపండ్లను అరగదీయును. పొగాకు కలిసిన పండ్లపొడిని ప్రభుత్వము 1992 లోనే నిషేధించినది. గుంటూరు సీమలో నీ మాట ప్రత్యేకముగా జ్ఞాపకముంచుకొనదగినది. రాత్రి చక్కెరపాలు త్రాగించి నోరు శుభ్రము చేయక పండుకొనబెట్టినచో నే పేస్టును రక్షింపజాలదు. ఏడెనిమిదేండ్లు వచ్చువరకు బ్రష్షు పిల్లవాని చేతిలోనున్నను, తల్లిగాని తండ్రిగాని ప్రక్కన నిలువవలెను.

మన యూరి కుళాయినీటిలో ఫ్లోరైడెంత యని పంచాయతీని అడుగుట తండ్రి విధి. ఆ యంకెను అందరికి కనబడునట్లు వ్రాసి యుంచుట పంచాయతీ విధి. అది తెలిసినపిదప అంగడిలో నే పెట్టె నెన్నుకొనవలెనో తెలియుట కష్టము గాదు. పొలమునకు భూసారపరీక్ష చేయించు రైతు, బిడ్డ త్రాగెడి నీటికి పరీక్ష చేయింపక యుండుట పాడి గాదు.