జాజ్ మేళమున తెలుగు మాండొలిన్

జాజ్ అనునది అమెరికాలో ఆఫ్రికా సంతతివారు పెంపొందించిన సంగీతము. అందు వాద్యకారుఁడు అప్పటికప్పుడు తోఁచిన స్వరములను గూడ వాయించును. ఇది మన మనోధర్మమునకు దగ్గఱి చుట్టము. ఈ రెంటిని గలిపిన ‘రిమెంబర్ శక్తి’ మేళమువారిని సోదరీమణులకుఁ బరిచయము చేయుచున్నాము.

1997లో నేర్పడిన ఈ మేళమున గిటారు వాయించిన జాన్ మెక్‌లాఫ్లిన్ ఇంగ్లండు దేశీయుఁడు. తబలా వాయించిన జాకీర్ హుస్సేన్ బొంబాయిలో జనించి, 2024లో దివంగతుఁడయ్యెను. కంజీర వాయించిన సెల్వగణేశ్, ఘటవాద్య ప్రవీణుఁడగు వినాయకరామ్ గారి కుమారుఁడు. గాయకుఁడు శంకర్ మహదేవన్.

మాండొలిన్ వాయించిన ఉప్పలపు శ్రీనివాస్ మన తెలుగుబిడ్డ. 1969లో పాలకొల్లున జనించి, ఆఱేండ్ల ప్రాయమున తండ్రి సత్యనారాయణగారి మాండొలిన్ చేతఁబట్టెను. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు పాడుచుండ, బాలుఁడు విని తంత్రులపైఁ బలికించెడివాఁడు. మీటిన నాదము క్షణములో నణఁగిపోవు ఆ విదేశివాద్యమున గమకములు పలుకునా యని పెద్దలు శంకించిరి. శ్రీనివాస్ విద్యుత్ మాండొలిన్ గ్రహించి, ఎనిమిది తంత్రులకు మాఱుగ ఐదమర్చుకొని, ఆ శంకను దీర్చెను. 1983లో, 14 ఏండ్లకే, బెర్లిన్ జాజ్ ఉత్సవమున వాయించెను. 1998లో పద్మశ్రీ బిరుదమందెను. 2014 సెప్టెంబరు 19న, 45 ఏండ్లకే, చెన్నపట్టణమున అస్తమించెను.

నేఁడు మన కచ్చేరీలకుఁ బ్రాణమైన ఫిడేలును ఒకప్పుడు పరదేశమునుండి వచ్చినదే. కావునఁ దల్లులారా, మీ బిడ్డ యే వాద్యముపై మనసుపడినను, ‘ఇది మనది కాదు’ అని లాగికొనక, ముందు చెవియొగ్గి వినుఁడు.