పాత జీపు కొనేవారికి: ఏ డీజిల్ ఇంజిన్ ఎంచుకొనవలెను?

పాత ఫోర్‌వీల్ డ్రైవ్ జీపు కొనుటకు రుణము కోరి వచ్చేవారు మొదట అడిగే ప్రశ్న "ఎంత ఇస్తారు?" అన్నదే. ఆ జీపులో ఏ ఇంజిన్ ఉన్నది, రిజిస్ట్రేషన్ పుస్తకములో వ్రాసి ఉన్నది కూడా అదేనా అని చూసుకొని వచ్చేవారు తక్కువ. వాయిదాలు సక్రమముగా చెల్లుట చాలావరకు ఈ రెండవ విషయము మీదనే ఆధారపడి ఉంటుందని ముందే మనవి చేస్తున్నాము.

బిలాస్‌పూర్‌నే తీసుకొనండి. ఇది రైల్వే పట్టణము. 2003 నుండి ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రము. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలము నుండి ఉద్యోగరీత్యా వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడ ఉన్నవి. పదవీ విరమణ చేసి పట్టణము వెలుపల సేద్యము పెట్టుకొన్నవారికి, పల్లెలకు విత్తనాలు, ఎరువులు చేరవేసే డీలర్లకు జీపు విలాసము కాదు. వానాకాలములో "కన్హార్" అని పిలిచే నల్లరేగడిలో రెండు చక్రాల చోదనముతో నడిచే బండి కూరుకొనిపోతుంది. కోటా దాటి అచానక్‌మార్ అడవి మీదుగా మైకల్ కొండల వైపు వెళ్ళేవారికి ఎత్తు దారులు కూడా తప్పవు.

ఇట్టి పనికి పాత వాహనాలలో మీకు ఎదురయ్యే డీజిల్ ఇంజిన్లు ముఖ్యముగా మూడు విధాలు.

మొదటిది మహీంద్రా ఎం.ఎం. 540 వంటి జీపులలో వచ్చిన పెజో ఇంజిన్. 2,112 సి.సి., 62 అశ్వశక్తి. ఇందులో డీజిల్ నేరుగా సిలిండరులోనికి పోక, హెడ్డులోని చిన్న గదిలో మొదట మండుతుంది. అందుచేత శబ్దము తక్కువ, పరుగు మృదువుగా ఉంటుంది. అయితే ఆ గది గోడల ద్వారా కొంత వేడి వృథా అవుతుంది కనుక చమురు ఖర్చు కొంత ఎక్కువ. చలికాలపు ఉదయాన హీటర్ ప్లగ్గులు పనిచేయనిదే స్టార్టు కాదు. మే నెల ఎండలో రేడియేటరు నీరు తగ్గినను గమనించక నడిపితే హెడ్డు వంగుతుంది. కొనే ముందు రేడియేటరు మూత తీసి ఇంజిన్ నడిపించి, నీటిలో బుడగలు వస్తున్నవేమో తప్పక చూడవలెను.

రెండవది డి.ఐ. అని పిలిచే 2,523 సి.సి. ఇంజిన్. దీని మూలము ఇంటర్నేషనల్ ట్రాక్టరు ఇంజిన్. గ్రామీణులకు దీని బలము ఇక్కడే ఉన్నది: ట్రాక్టరు బాగుచేసే మేస్త్రికి ఇది కొత్త కాదు. డీజిల్ నేరుగా సిలిండరులోనే మండుతుంది. చమురు పొదుపు, తక్కువ వేగములో లాగుడు ఎక్కువ. 2010లో వచ్చిన థార్ డి.ఐ.లో టర్బోతో కూడిన ఈ ఇంజిన్ శక్తి 63 అశ్వశక్తి మాత్రమే. అయినను దాని పూర్తి లాగుడు బలము 1,500 నుండి 1,800 చుట్ల మధ్యనే అందుతుంది. బురదలో మెల్లగా నడిచే బండికి కావలసినది అదే. మోత, అదురు మాత్రము భరించక తప్పదు.

మూడవది అదే థార్‌లో వచ్చిన 2,498 సి.సి. సి.ఆర్.డి.ఇ. ఇంజిన్. 105 అశ్వశక్తి, తారురోడ్డుపై దీనికి సాటి మొదటి రెండూ కావు. కాని దీని ఇంజెక్టర్లు అత్యధిక పీడనముపై, కంప్యూటరు ఆజ్ఞపై పనిచేస్తాయి. డ్రమ్ములో నిలువ ఉంచిన డీజిల్‌లో చెమ్మ చేరితే మొదట దెబ్బ తినేది ఇవే. ఊరి మేస్త్రి వీటిని విప్పలేడు. బండిని పట్టణానికి లాగించవలసి వస్తుంది.

ఇక లెక్క చూడండి. మీరు నెలకు 1,000 కిలోమీటర్లు తిరుగుతారనుకొందాము. లీటరుకు 10 కిలోమీటర్లు ఇచ్చే బండికి 100 లీటర్లు, 12 ఇచ్చే బండికి సుమారు 83 లీటర్లు కావలెను. లీటరు 95 రూపాయలుగా వేసుకొన్నచో నెలకు మిగిలేది సుమారు 1,600. ఇది చిన్న మొత్తము కాదు. కాని ధాన్యము కొనుగోళ్ళు జరిగే రోజులలో బండి పది రోజులు షెడ్డులో పడి ఉంటే ఏడాది పొదుపు అక్కడే హరించుకొని పోవచ్చును. కాబట్టి ఎక్కువగా పొలాలు, అడవిదారులు తిరిగేవారు డి.ఐ. వైపే మొగ్గుట మంచిదని మా అభిప్రాయము. నిత్యము రాయ్‌పూర్, కోర్బా రహదారులపై తిరిగే డీలరుకు సి.ఆర్.డి.ఇ. తగును. పెజో ఇంజిన్ కొనదలచినవారు విడిభాగాలు ఎక్కడ దొరుకునో ముందుగా విచారించుకొనవలెను.

అన్నిటికన్నా ముఖ్యము ఇంజిన్ నంబరు. పూర్వము అనేక పెట్రోలు జీపులకు యజమానులు డీజిల్ ఇంజిన్లు వేయించుకొన్నారు. మోటారు వాహనాల చట్టము, 1988లోని 52వ సెక్షను ప్రకారము ఇట్టి మార్పును రవాణా అధికారి ఆమోదించి పుస్తకములో నమోదు చేయవలెను. నమోదు లేనిచో బ్యాంకు హామీగా స్వీకరించుట కష్టము. ప్రమాదము జరిగితే బీమా సంస్థ పేచీ పెట్టవచ్చును. అమ్మేవారు చెప్పిన మాట సరిపోదు. ఇంజిన్, ఛాసీ నంబర్లపై కాగితముంచి పెన్సిలుతో ముద్ర తీసి, పుస్తకముతో అంకె అంకె సరిపోల్చండి. బిలాస్‌పూర్ బండి అయితే సి.జి. 10తో మొదలగును. ఢిల్లీ ప్రాంతములో 10 ఏళ్ళు దాటిన డీజిల్ వాహనాలపై జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఆంక్షలు విధించిన తరువాత అక్కడి బండ్లు చౌకగా ఇతర రాష్ట్రాలకు తరలినవి. అట్టిది కొంటే ఫారం 28 నిరభ్యంతర పత్రము, ఇక్కడి పన్ను లెక్కలోనికి తీసుకొనవలెను.

సొంత వాహనానికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు చెల్లును. తరువాత 5 ఏళ్ళకొకసారి పునరుద్ధరించవలెను. రుణపు గడువు మధ్యలో ఈ తేదీ పడుతున్నదేమో చూసుకొని, ఆ ఖర్చును దరఖాస్తులోనే చూపండి. పాత అప్పు తీరినట్లు ఫారం 35 లేనిదే బయానా ఇవ్వవద్దు.

చివరగా ఒక చిన్న పరీక్ష. డీజిల్ ఆదా అవుతుందని కొందరు ముందు ఇరుసుకు పోయే షాఫ్టును విప్పి పక్కన పెడతారు. లివరు మాత్రము కదులుతూనే ఉంటుంది. బేరము కుదుర్చుకొనే ముందు బండిని బురదలోనికి దింపి, ముందు చక్రాలు తిరుగుచున్నవో లేదో మీ కళ్ళతో చూడండి.