సుగ్గి బండి ఎక్కించేది కరువు ఒక్కటే కాదు

కన్నడంలో సుగ్గి అంటే కోతల కాలం. పంట ఇంటికొచ్చే సంబరం. తుంగభద్ర దాటి మన పక్కకొచ్చేసరికి అదే మాటకు అర్థం తిరగబడింది. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం మండలాల్లో సుగ్గి అంటే ఇంటికి తాళమేసి, మూటాముల్లె కట్టుకొని, ఇంకొకరి పంట కోసేదానికి పోవడం. గుంటూరు పక్క మిరప కోతకు, గద్వాల పక్క పత్తికి, బెంగళూరుకు బిల్డింగు పనికి.

ఏంటికి పోతాండారని అడిగితే ఆఫీసర్లు, నాయకులు ఒకటే జవాబు చెప్తారు: వానల్లేవు, కరువు సీమ కదా అని. అది సగం నిజమే. మిగిలిన సగం ఏందంటే, వాన పడకపోవడం దేవుని పని అయినా, వాన పడని ఊర్లో పని దొరకాల్నా వద్దా అన్నది మాత్రం సర్కారు నిర్ణయం. ఆ నిర్ణయం మన కూలిని, మన పిల్లల బడిని, మన మీద పడే పోలీసు కేసుల్ని, ఆఖరికి మన చేను మట్టిని కూడా ఎట్ల మారుస్తాదో ఒక్కొక్కటే చూద్దాం.

150 ఏండ్ల నాటి వాదన

"పేదోళ్లకు సర్కారు ఖర్చు పెడితే సోమరులవుతారు, మార్కెట్టే అంతా సరిచేస్తాది." దీన్ని మితవాద ఆలోచన అంటారు. ఇది టీవీ చర్చల్లో పుట్టిన మాట కాదు. మన తాతల తాతలు దీని దెబ్బ తిన్నారు.

1876-78 ధాత కరువు నాటికి ఆదోని తాలూకా మద్రాసు రాజధానిలో బళ్లారి జిల్లా కింద ఉండేది. మనం కర్నూలు జిల్లాలో కలిసింది 1953లో. ఆ కరువులో ఎక్కువ దెబ్బతిన్న జిల్లాల్లో బళ్లారి, కర్నూలు ముందున్నాయి. అప్పుడు వైస్రాయి లిట్టన్. ధాన్యం వ్యాపారంలో సర్కారు వేలు పెట్టకూడదని ఆయన పట్టుదల. ఖర్చు తగ్గించేదానికి రిచర్డ్ టెంపుల్ అనే అధికారిని పంపించినాడు. ఆ టెంపుల్ అంతకు ముందు 1873-74 బీహార్ కరువులో బాగా ఖర్చు పెట్టి జనాన్ని కాపాడి, దుబారా చేసినావని పైనోళ్లతో మాటలు పడ్డ మనిషే. ఈసారి ఆ పేరు రాకూడదని కరువు పనుల్లో దినమంతా రాళ్లు కొట్టే మనిషికి సుమారు 450 గ్రాముల గింజలు, చేతిలో ఇంత చిల్లర అని లెక్క కట్టినాడు. దానికే 'టెంపుల్ కూలి' అని పేరు పడింది. ఆ తిండితో పనిచేసే మనిషి బతకడని మద్రాసు ఆరోగ్య శాఖలో ఉన్న డాక్టర్ కార్నిష్ కొట్లాడితే, 1877లోనే మళ్లీ పెంచక తప్పలేదు. అప్పటికే జరగాల్సిన నష్టం జరిగిపోయింది. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లాలో దాదాపు నాలుగో వంతు జనం తగ్గిపోయినారు.

అదే కాలంలో ఈ జిల్లాల్లో ధాన్యం లూటీలు, దోపిడీలు పెరిగినాయి, జైళ్లు నిండినాయి. ఊరి జనం రాత్రికి రాత్రి దొంగలు కాలేదు. కూలి కోసిన చోట నేరం మొలిచింది.

కరువు పని ఏం చేసింది

మనోళ్లు ఉపాధి హామీని ఇప్పటికీ 'కరువు పని' అనే అంటారు. 2005లో చట్టం అయింది. 2006 ఫిబ్రవరి 2న మన పక్క జిల్లా అనంతపురంలో, నార్పల మండలం బండ్లపల్లిలో మొదలయింది. టెంపుల్ నాటి కరువు పనికీ దీనికీ పెద్ద తేడా ఒకటుంది. అది దయ, ఇది హక్కు. ఇంటికి ఏడాదికి 100 రోజుల పని అడగొచ్చు. అడిగిన 15 రోజుల్లో చూపించకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాల.

దీనితో ఎవరు బాగుపడినారని అడిగేటోళ్లకు ఒక పరిశోధన చూపించాల. 2010-12 మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 8 జిల్లాల్లో, 157 మండలాల్లో, ఉపాధి కూలి డబ్బులు స్మార్ట్ కార్డులతో ఇచ్చే పద్ధతి పెట్టి, దాని ఫలితాన్ని మురళీధరన్, నీహాస్, సుఖ్‌తంకర్ అనే ఆర్థికవేత్తలు కొలిచినారు. ఆ జిల్లాల్లో మన కర్నూలూ ఉండాది. కూలి డబ్బులు తొందరగా, మధ్యలో ఎవరూ తినకుండా చేరిన మండలాల్లో పేద ఇండ్ల సంపాదన 14 శాతం పెరిగింది. అసలు సంగతి ఏందంటే, ఆ పెరుగుదలలో 86 శాతం ఉపాధి పని డబ్బులు కాదు, బయట కూలి పనుల్లో వచ్చిందే.

ఇది ఎట్ల అయితాది? సింపుల్. ఊర్లో కరువు పని ఉందనుకో, "ఇంత తక్కువకు నేను రాను, నాకు ఈడనే పని ఉండాది" అని కూలి మనిషి అనగలుగుతాడు. ఆ ఒక్క మాట అనే ధైర్యం ఉంటే చాలు, చేను కూలి పెరుగుతాది. కరువు పనికి పోనోళ్లకు కూడా పెరుగుతాది. అందుకే ఉపాధి పనిని మూసేస్తే పోయేది 100 రోజుల డబ్బులు మాత్రమే కాదు. ఆ మాట అనే బలం పోతాది.

మూసెయ్యకుండానే మూసిన తీరు

కరోనా ఏడాది 2020-21లో దేశం మొత్తం మీద ఉపాధి హామీకి లక్షా 11 వేల కోట్లు ఖర్చయింది. పట్నాల నుంచి నడిచి వచ్చినోళ్లను నిలబెట్టింది ఈ పనే. 2023-24 బడ్జెట్ వచ్చేసరికి పెట్టింది 60 వేల కోట్లు.

డబ్బు తగ్గించడం ఒక పద్ధతి. దారి ఇరుకు చేయడం ఇంకో పద్ధతి. 2023 జనవరి నుంచి పనికాడ రోజుకు రెండుసార్లు ఫోన్‌లో ఫోటో ఎక్కిస్తేనే హాజరు. సిగ్నల్ లేని గుట్ట కింద పని చేసినోళ్ల చెమటకు లెక్క లేదు. 2024 జనవరి నుంచి ఆధార్‌తో ముడిపడిన ఖాతా ఉంటేనే కూలి. 2022-23 ఒక్క ఏడాదిలో దేశంలో 5 కోట్ల పైన పేర్లు జాబ్ కార్డుల నుంచి తీసేసినారని కేంద్రమే పార్లమెంటులో చెప్పింది. అందులో ఆంధ్రప్రదేశ్‌వే 78 లక్షలు. దొంగ పేర్లు తీసేయాల్సిందే, కాదనం. కానీ సుగ్గికి పోయి నాలుగు నెలలు ఊర్లో లేనోడు కూడా లిస్టులో 'లేనోడు' అయిపోతే ఎట్ల?

2010లో వచ్చిన స్మార్ట్ కార్డూ టెక్నాలజీనే, ఇప్పటి ఫోటో యాపూ టెక్నాలజీనే. అప్పుడు కార్డు లేదని కూలి ఆపలేదు. ఇప్పుడు ఫోటో లేదంటే కూలి లేదు.

2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి కూలి రోజుకు 307 రూపాయలు. 100 రోజులు నిండితే ఇంటికి 30,700. కానీ దేశంలో ఒక ఇంటికి దొరికే పని సగటున 50 రోజుల చుట్టే తిరుగుతాంది. అంటే 15 వేల చిల్లర. కూలి 15 రోజులు దాటితే రోజుకు 0.05 శాతం పరిహారం ఇవ్వాలని రాసుంది. 2 వేలు రావాల్సినోనికి రోజుకు ఒక్క రూపాయి. మేస్త్రీ మాత్రం అడ్వాన్సు ముందే చేతిలో పెడతాడు. అప్పుల్లో ఉన్న ఇల్లు దేన్ని ఎంచుకుంటాది?

కొత్త చట్టంలో మన పాలు

2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ చట్టం స్థానంలో కొత్త చట్టం చేసింది. వీబీ జీ రామ్ జీ అని పిలుస్తాండారు. 100 రోజులు 125 అయినాయని గట్టిగా చెప్తాండారు. మెల్లగా చెప్పేవి మూడుండాయి.

ఒకటి, ఇంతకు ముందు కూలి డబ్బంతా కేంద్రానిదే. ఇప్పుడు 100 రూపాయల్లో 40 రాష్ట్రం పెట్టుకోవాల. రెండు, ఏ రాష్ట్రానికి ఎంతనేది కేంద్రమే ముందు లెక్క కడతాది. దాని పైన ఖర్చయితే రాష్ట్రమే భరించాల. అప్పుల్లో ఉన్న రాష్ట్రం ఏం చేస్తాది? పని అడిగినోళ్లకు పని తెరవడం తగ్గిస్తాది. మూడు, విత్తే కాలం, కోతల కాలం కలిపి ఏడాదిలో 60 రోజుల దాకా పనులు ఆపొచ్చు.

ఈ మూడోది మనకు చాలా ముఖ్యం. కాలువ కింద రెండు పంటలు పండే చోట కోతల కాలమంటే చేతినిండా పని. వానమీద ఒక పంట పండే కోసిగిలో ఆ కాలమే సుగ్గికి పోయే కాలం. ఆ రోజుల్లోనే ఊర్లో పని ఆపితే బండి ఎక్కించినట్లే. ఆ తేదీలు ప్రాంతాన్ని బట్టి వేరువేరుగా పెట్టే వీలు చట్టంలోనే ఉండాది. పడమటి కర్నూలుకు వేరే తేదీలు కావాలని మనం అడగకపోతే, మన తరఫున ఎవరూ అడగరు.

"కూలి పెరిగితే రైతు మునుగుతాడు కదా"

ఈ మాట మన ఇండ్లలోనే వినపడుతాది. రెండెకరాల రైతే సుగ్గి కూలి కూడా. ఆయన బాధ నిజం. కానీ ఆయన్ను ముంచింది పక్కింటి కూలి మనిషి కాదు. 2025 ఆగస్టులో బయట దేశాల పత్తి మీద ఉన్న 11 శాతం దిగుమతి సుంకం ఎత్తేసినారు. మొదట సెప్టెంబరు దాకా అన్నారు, తర్వాత డిసెంబరు ఆఖరు దాకా పొడిగించినారు. సరిగ్గా మన పత్తి ఆదోని యార్డుకు వచ్చే నెలలు అవి. కూలికి మార్కెట్ సూత్రం, మిల్లులకు మాత్రం సర్కారు సాయం. ఆ సాయం విలువ కట్టింది పత్తి రైతు.

నేరం ఎవరిది

2020 మేలో రాష్ట్రంలో మందు రేట్లు ఒక్కసారిగా 75 శాతం పెంచినారు. తాగుడు మాన్పిస్తామన్నారు. మనకు కర్ణాటక ఎంత దూరం? చౌక ప్యాకెట్లు ఏరులా వచ్చినాయి. దొరికింది ఎవరు? పని లేని మన పిల్లోళ్లే. బండి సీజు, కేసు, కోర్టు వాయిదాలు. నీతి పేరు చెప్పి రేటు పెంచితే తాగుడు పోలేదు, పక్క రాష్ట్రం నుంచి వచ్చింది.

ఇంకో పక్క చూడు. 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చినాయి. కూలి తక్కువ ఇచ్చిన యజమానికి మొదటిసారి 50 వేల దాకా జరిమానా మాత్రమే. 1979 వలస కార్మికుల చట్టం 5 మంది ఉంటే వర్తించేది, ఇప్పుడు 10 మంది ఉండాల. గుంటూరుకు పోయేటోళ్లు రాష్ట్రం లోపలే తిరుగుతారు కాబట్టి వాళ్లు దాని లెక్కలోకే రారు. ప్యాకెట్లు మోసినోడు నేరస్తుడు. పిల్లలతో మిరపకాయలు కోయించి, కూలి కోసుకున్నోడు వ్యాపారి.

నేల, నీళ్లు

కరువు పని అంటే గుంతలు తవ్వి పూడ్చడమని ఎగతాళి చేస్తారు. ఆ గుంతలే మన నేలకు మందు. గట్టు కడితే మట్టి నిలుస్తాది, కందకం తీస్తే నీళ్లు ఇంకుతాయి, ఫారం పాండ్ ఉంటే పంటకు ఒక తడి దక్కుతాది. 133 టీఎంసీలతో కట్టిన తుంగభద్ర డ్యాం పూడికతో 105 దగ్గరికి పడిపోయింది. ఎల్‌ఎల్‌సీలో మన వాటా 24 టీఎంసీలని కాగితం మీద ఉన్నా, కర్ణాటక అంతా దాటుకొని చివరికొచ్చేసరికి పొలానికి చేరేది అంత ఉండదు. పెద్ద నీళ్లు రానప్పుడు చిన్న నీళ్లను పట్టుకునే పనులు పెరగాల. జనం ఊరిడిస్తే ఆ పనులు చేసేటోడు ఉండడు. పని లేక జనం పోతారు, జనం లేక నేల చెడుతాది, నేల చెడి ఇంకొంత జనం పోతారు.

బండి ఎక్కక ముందు

చదువుకున్న మీరు ఒక పని చేయొచ్చు. సుగ్గి మొదలవక ముందే మీ వీధిలో పది ఇండ్లను కలిపి, పని కావాలని కాగితం మీద రాసి పంచాయతీలో ఇవ్వండి. తేదీ వేసిన రసీదు పట్టుబట్టి తీసుకోండి. నోటితో అడిగితే రుజువు ఉండదు. రసీదు ఉంటే 15 రోజుల గడువు ఎప్పటి నుంచో చూపించి భృతి అడగొచ్చు. అమ్మానాయనల జాబ్ కార్డులో పేరుందో తీసేసినారో ఫోన్‌లోనే చూడొచ్చు. సోషల్ ఆడిట్ గ్రామసభ జరిగే రోజు ఊర్లో ఉంటే పోయి కూర్చోండి. రసీదులు లేని ఊరిని చూపించి "ఈడ పని అడిగినోళ్లే లేరు" అని రాసుకోవడం ఆఫీసుకు చాలా తేలిక.