కొత్త కీబోర్డు కొనే ముందు ముంజేయి మాట వినండి

"అన్నా, నాలుగైదు గంటలు టైప్ చేస్తే చెయ్యి గుంజుతుంది. ఏ మెకానికల్ కీబోర్డు తీసుకోవాలి?"

సిర్గాపూర్‌లో, నారాయణఖేడ్‌లో బీటెక్ చదివే తమ్ముళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. బడ్జెట్ ఎంతో కూడా ముందే చెప్పేస్తారు. నా సమాధానం వాళ్లకు పెద్దగా నచ్చదు: ఇప్పుడే రూపాయి కూడా ఖర్చు పెట్టొద్దు. రెండు వారాలు కూర్చునే తీరు మార్చి చూడు, తర్వాత కీబోర్డు గురించి మాట్లాడుకుందాం.

గాడ్జెట్ల సైట్‌లో ఈ మాట వింతగా అనిపించొచ్చు. కానీ 2020 లాక్‌డౌన్ తర్వాత మాలాంటి ఊళ్ల నుంచి కూడా ఐటీ పని నడుస్తోంది. ఆఫీసులో ఎత్తు మార్చుకునే కుర్చీ, పెద్ద మానిటర్ ఉంటాయి. ఇంట్లో ప్లాస్టిక్ కుర్చీ ఉంటుంది, అదీ లేకపోతే మంచం. పని మాత్రం అదే, గంటలూ అవే. జీతం తెచ్చేది ఈ రెండు చేతులే కాబట్టి వాటి సంగతి ప్రాసెసర్ సంగతి కంటే ముందు తెలుసుకోవాలి.

నొప్పి ఎక్కడ మొదలవుతుంది?

టైప్ చేసేది వేళ్లే అయినా, వాటిని కదిలించే పెద్ద కండరాలు ముంజేతిలో ఉంటాయి. అక్కడి నుంచి టెండన్లు తాళ్లలాగా మణికట్టు మీదుగా వేళ్ల దాకా వస్తాయి. బావిలో బొక్కెన కదులుతుంది, కష్టం మాత్రం పైన తాడు లాగే చేతిది. ఇక్కడా అంతే.

ఒక చిన్న టెస్ట్ చేయండి. ఎడమ అరచేతిని టేబుల్ మీద బోర్లా పెట్టండి. కుడి చేత్తో ఎడమ ముంజేయి పైభాగాన్ని, మోచేతికి నాలుగు వేళ్ల కింద పట్టుకోండి. ఇప్పుడు ఎడమ చేతి వేళ్లను కొంచెం పైకి లేపండి. లోపల కండరం గట్టిపడటం తెలుస్తుంది కదా?

కీబోర్డు మీద ఒక వేలు కీ నొక్కుతుంటే, మిగతా వేళ్లు పొరపాటున ఏదీ నొక్కకుండా గాలిలో ఆగి ఉంటాయి. మౌస్ క్లిక్ చేయకపోయినా చూపుడు వేలు బటన్ మీద తేలుతూనే ఉంటుంది. అంటే మనం ఏమీ టైప్ చేయకుండా స్క్రీన్ చూస్తూ ఆలోచిస్తున్నప్పుడు కూడా ముంజేయి డ్యూటీలోనే ఉంది. బిగిసి ఉన్న కండరంలోకి రక్తం సరిగా పారదు. ఆ బిగువు గంటలకొద్దీ వదలకపోతే సాయంత్రానికి చెయ్యి కట్టెలా పట్టేస్తుంది. మనం "నరాలు గుంజుతున్నాయి" అంటాం గానీ, చాలాసార్లు గుంజేది కండరమే.

300 ఏళ్ల పాత బగ్

ఇది కంప్యూటర్‌తో వచ్చిన సమస్య కాదు. వృత్తుల వల్ల వచ్చే జబ్బుల మీద పుస్తకం రాసిన ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జిని, 1713 నాటి కూర్పులో రాతగాళ్ల చేతి నొప్పి గురించి ప్రత్యేకంగా రాశాడు. ఆయన చెప్పిన కారణాలు మూడు: కదలకుండా కూర్చోవడం, చేతిని ఆపకుండా ఒకే తీరుగా కదిలించడం, తప్పు పోకూడదన్న మానసిక ఒత్తిడి. రాత్రి పదింటికి ప్రొడక్షన్ ఇష్యూ చూస్తున్న ఏ ఇంజినీర్‌కైనా ఈ మూడూ సరిపోతాయి. ఆ టైంలో భుజాలు చెవుల దాకా వెళ్లడం, కీలు దబదబా కొట్టడం మనందరికీ తెలిసిందే.

మా అమ్మ దీన్ని ఇంకా సింపుల్‌గా చెప్పింది. "పత్తి ఏరేటప్పుడు మేము నడుమ నడుమ చేతులు దులుపుకుంటం బిడ్డా. సాలు మారుతం, నీళ్లు తాగుతం. నువ్వు కూసున్నకాడి నుంచి లేస్తనే లేవు." చేనులో పని నా పని కంటే చాలా కష్టం, అందులో సందేహం లేదు. కానీ ఆ పనిలో చేతికి మధ్యమధ్యలో వదులు దొరుకుతుంది. కీబోర్డు పనిలో ఆ వదులును మనమే ఇవ్వాలి.

ఖర్చు లేని అప్‌గ్రేడ్లు

మొదటిది, కీబోర్డు వెనక ఉండే రెండు చిన్న కాళ్లు మడిచేయండి. అవి లేపితే మణికట్టు పైకి వంగుతుంది, ముంజేయి పైకండరం ఇంకా బిగుస్తుంది. మణికట్టు, ముంజేయి ఒకే గీతలో ఉండాలి.

రెండోది ఎత్తు. టేబుల్ ఎత్తుగా ఉంటే కుర్చీలో మెత్త వేసుకుని కూర్చోండి, పాదాలు అందకపోతే కింద పీట పెట్టుకోండి. మోచేతులు దాదాపు 90 డిగ్రీలు, లేదా అంతకంటే కాస్త ఎక్కువ తెరుచుకోవాలి. ముంజేతుల బరువు టేబుల్ మీదో, కుర్చీ చేతుల మీదో పడాలి.

మూడోది, ఆగినప్పుడల్లా చేతులు ఒళ్లో పెట్టుకోండి. బిల్డ్ అవుతున్నప్పుడు, కాల్‌లో అవతలి వాళ్లు మాట్లాడుతున్నప్పుడు వేళ్లు కీల మీద ఎందుకు? ఖర్చు లేకుండా ఎక్కువ ఫలితం ఇచ్చే అలవాటు నా లెక్కలో ఇదే.

నాలుగోది, కంట్రోల్ కీ. రోజంతా చిటికెన వేలు సాచి కాపీ, పేస్ట్ కొడతాం. విండోస్‌లో పవర్‌టాయ్స్ ఇన్‌స్టాల్ చేసి, కీబోర్డ్ మేనేజర్‌తో క్యాప్స్ లాక్‌ను కంట్రోల్‌గా మార్చుకోవచ్చు.

బ్రేక్ గుర్తు చేయడానికి స్ట్రెచ్లీ, వర్క్‌రేవ్ అనే ఉచిత ఓపెన్ సోర్స్ యాప్‌లున్నాయి. స్ట్రెచ్లీ డిఫాల్ట్‌గా 10 నిమిషాలకోసారి 20 సెకన్లు, 30 నిమిషాలకోసారి 5 నిమిషాలు ఆపుతుంది. అప్పుడప్పుడు కరెంటు పోయి రౌటర్ ఆగితే అది మా ఊరి స్పెషల్ రిమైండర్. తిట్టుకోకుండా లేచి చేతులు దులుపుకోవడమే!

బిగువు వదిలించే నాలుగు పనులు

1. చెయ్యి ముందుకు చాపి, అరచేయి కిందికి ఉండేలా మణికట్టు వాల్చండి. రెండో చేత్తో మెల్లగా మీ వైపు లాగి 20 సెకన్లు ఆపండి.

2. ఇప్పుడు అరచేయి పైకి తిప్పి, వేళ్లను కిందికి, మీ వైపుకి లాగండి. ఇదీ 20 సెకన్లే. రెండూ చెరి మూడుసార్లు. సాగినట్టు అనిపించాలి, నొప్పి పుట్టకూడదు.

3. గల్లీ క్రికెట్ ఆడే టెన్నిస్ బాల్‌ను టేబుల్ మీద పెట్టి, దాని మీద ముంజేతిని మెల్లగా దొర్లించండి. గట్టిగా ఉన్న చోట కొన్ని సెకన్లు ఆగండి. తర్వాత వేడినీళ్ల కాపడం పెట్టుకుంటే హాయిగా ఉంటుంది.

4. అర లీటర్ నీళ్ల సీసా పట్టుకుని, ముంజేతిని తొడ మీద ఆనించండి. అరచేయి కిందికి ఉండాలి. రెండో చేతి సాయంతో మణికట్టు పైకి లేపి, సాయం వదిలేసి మూడు నాలుగు సెకన్లలో నెమ్మదిగా దించండి. రోజు విడిచి రోజు 10 సార్లు చాలు. స్ట్రెచింగ్ అప్పటికి ఉపశమనం ఇస్తుంది, ఇది మెల్లమెల్లగా బలం ఇస్తుంది.

ఇప్పుడు గాడ్జెట్ల సంగతి

స్విచ్ మారిస్తే లాభం ఉందా? కొంత ఉంది. చెర్రీ ఎంఎక్స్ రెడ్‌కు 45 సెంటీన్యూటన్ల బలం చాలు, బ్లూకు 60 కావాలి. కానీ కీని అడుగు దాకా గుద్దే అలవాటు ఉంటే ఈ తేడాకు అర్థం లేదు. రెడ్ 2 మిల్లీమీటర్లకే పనిచేస్తుంది, మొత్తం లోతు 4. తేలిగ్గా తాకడం నేర్చుకున్నాకే ఆ స్పెక్ మీకు ఉపయోగం.

నా ఆర్డర్ ఇది: ముందు ల్యాప్‌టాప్ స్టాండ్, మామూలు ఎక్స్‌టర్నల్ కీబోర్డు. ల్యాప్‌టాప్‌లో స్క్రీన్, కీబోర్డు అతుక్కుని ఉంటాయి కాబట్టి మెడ బాగుంటే చేతులు బాగుండవు, చేతులు బాగుంటే మెడ బాగుండదు. స్టాండ్ బదులు పాత బీటెక్ పుస్తకాలు పెట్టినా పని జరుగుతుంది. తర్వాత వర్టికల్ మౌస్. లాజిటెక్ ఎంఎక్స్ వర్టికల్‌లో పట్టు 57 డిగ్రీల వాలులో ఉంటుంది, షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టు. ముంజేయి మెలి తగ్గుతుంది. చివరగా స్ప్లిట్ కీబోర్డు. మైక్రోసాఫ్ట్ 1994లోనే నేచురల్ కీబోర్డుతో దీన్ని మామూలు జనం దాకా తెచ్చింది. మణికట్లు పక్కకు వంగడం తగ్గుతుంది గానీ, అలవాటు కావడానికి టైం పడుతుంది.

పొడవైన మెయిల్స్‌కు విండోస్ 11లో విండోస్ కీ, హెచ్ కలిపి నొక్కితే వాయిస్ టైపింగ్ వస్తుంది. ఫోన్‌లో జీబోర్డ్ 2017 నుంచే తెలుగు మాటలను టైప్ చేస్తోంది.

అన్నట్టు, పని అయ్యాక రీల్స్ చూడటం చేతికి రెస్ట్ కాదు. గెలాక్సీ ఎస్24 అల్ట్రా బరువు 232 గ్రాములు. చిటికెన వేలు మీద మోస్తూ బొటనవేలితో స్క్రోల్ చేస్తుంటే ముంజేతికి అది రెండో షిఫ్టే.

ఎప్పుడు డాక్టర్ దగ్గరికి?

బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్లలో తిమ్మిరి, రాత్రి తిమ్మిరితో మెలకువ రావడం, చేతిలోంచి వస్తువులు జారిపోవడం, రెండు వారాలైనా తగ్గని నొప్పి. వీటిలో ఏది ఉన్నా వీడియోలు చూసి స్ట్రెచ్‌లు చేస్తూ కూర్చోవద్దు. నారాయణఖేడ్‌కో సంగారెడ్డికో వెళ్లి ఎముకల డాక్టర్‌కు గానీ ఫిజియోథెరపిస్ట్‌కు గానీ చూపించుకోండి. మణికట్టులో నరం నొక్కుకుపోతే ఎంత తొందరగా చూపిస్తే అంత మంచిది.

నా వెర్డిక్ట్

కీబోర్డు ఎంత మంచిదైనా వేళ్లను గాలిలో ఆపే పని ముంజేతిదే. రోజులో ఎన్నిసార్లు ఆ పని నుంచి దాన్ని విడిపిస్తున్నారన్నదే అసలు స్పెక్. ఇది చదవడం అయిపోయింది కాబట్టి మౌస్ మీది నుంచి చెయ్యి తీసేయండి. 20 సెకన్లు చాలు.